రెండు గేట్ల మధ్య లారీ

పోయిన వారం మనం ఆ లారీని మిట్టమధ్యాహ్నం ఎండలో వదిలేసి వచ్చాం. అది ఇంకా అక్కడే ఉంది.

వెనకాల మొజాంబిక్ గేటు, ముందర మలావీ గేటు, నడుమ ఎవరి దేశమూ కాని కాస్త మట్టిరోడ్డు. అటువైపు గేటులో లారీ వెళ్ళిపోయినట్టు ముద్ర పడింది. ఇటువైపు వచ్చినట్టు ముద్ర పడలేదు. పోనీ వెనక్కి తిప్పుకుపోదామంటే, వెళ్ళిపోయిన సరుకు మళ్ళీ లోపలికి రావడానికి ఎక్కడో దూరాన ఉన్న పెద్దాఫీసు అనుమతి కావాలి. అక్టోబరు ఎండ. లారీ పైకప్పు రేకు. లోపల ఉన్నవి హెచ్.ఐ.వి. మందులు.

విదేశాల సాయం ఆగిపోయిన నాటినుంచీ మలావీ వైపు జిల్లా ఆస్పత్రిలో అరలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. మందుల బాధ్యత చూసే నర్సు ఎడీనా ముహీవా రాజధాని చుట్టూ తిరిగింది, ఫోన్లు చేసింది, కనిపించిన ప్రతివాణ్ణీ బతిమాలింది. ఎక్కడా పని కాక, ఆఖరికి సరిహద్దు ఏటి అవతల, మొజాంబిక్‌లోని మిలాంజె ఆస్పత్రిలో తనలాంటి ఉద్యోగమే చేసే ఫెలిజార్దాని అడిగింది. "మా దగ్గర కాస్త మిగులుంది. పట్టుకెళ్ళు, మీకొచ్చాక తిరిగియ్యి" అంది ఆవిడ. అలా బయల్దేరిన లారీని మలావీ వైపు ములోజా గేటు దగ్గర కస్టమ్స్ ఆఫీసరు స్టోనార్డ్ ఆపాడు. జిల్లా ఆరోగ్యాధికారి డాక్టర్ నజోంబే సంతకం పెడితేనే గేటు లేస్తుందన్నాడు. ఆ డాక్టరుగారేమో పెట్టనని ఫోన్లోనే తేల్చేశాడు. అయినా, వచ్చి ఆ ముక్క నా మొహం మీద చెప్పండి అని ఎడీనా పట్టుబట్టింది. ఇక ఆయన రావాలి.

ఇవాళ శుక్రవారం. సాయంత్రం గేటుకి తాళం పడితే మళ్ళీ సోమవారం దాకా సరుకు కాగితాలు చూసే నాథుడుండడు. అన్నాళ్ళు ఆ రేకు కింద ఉడికితే మందు మందుగా మిగలదు.

ఎడీనా కస్టమ్స్ ఆఫీసు బయట బల్లమీద కూచుని చెప్పులు విడిచేసింది. పాదాలు వాచి ఉన్నాయి. పోయిన నెలలో రాజధానిలో ఒక పెద్ద సమావేశానికి వెళ్ళొచ్చింది తను. దేశదేశాలవాళ్ళు వచ్చారు. వేదిక వెనక 'చేయీ చేయీ కలుపుదాం' అని ఇంత పొడుగు గుడ్డ కట్టారు. అందరి ముందూ చల్లటి నీళ్ళ సీసాలు పెట్టారు. నాయకత్వం గురించి మాట్లాడినవాళ్ళు మాట్లాడారు, చప్పట్లు కొట్టినవాళ్ళు కొట్టారు, భోజనాలయ్యాయి. మందు ఎప్పుడొస్తుందని ఎడీనా లేచి అడిగితే, చాలా మంచి ప్రశ్న అన్నారు. ఆ మంచి ప్రశ్నని వెంటబెట్టుకుని ఆమె బస్సెక్కి ఇంటికొచ్చింది. దేశాలు చేయి కలపడమంటే ఏమిటో ఆ గుడ్డ రాయించినవాళ్ళకి తెలియాలంటే, వాళ్ళని తెచ్చి ఈ బల్లమీద ఒక పూట కూచోబెట్టాలి.

"సిస్టర్, ఇంకా ఎంతసేపు?" అంటూ మలీటా వచ్చి పక్కన చతికిలబడింది. ఏటి ఒడ్డున ఉండే ఊళ్ళో కందులు పండించుకునే మనిషి. ఆ ఊళ్ళో ఈ జబ్బున్నవాళ్ళు ఆరుగురు కలిసి ఒక జట్టు. నెలకొకరు వంతు వేసుకుని ఆస్పత్రికి వచ్చి, అందరి మందులూ పట్టుకుపోతారు. ఈ నెల వంతు మలీటాది. ఆస్పత్రికి వెళ్తే మందు లారీలో ఉందన్నారు. లారీ గేటు దగ్గర ఉందన్నారు. సైకిలు మీద ఇక్కడికొచ్చేసింది.

"సంతకం కావాలి మలీటా. డాక్టరుగారు వస్తున్నారు."

"రానీ. మాకేం తొందర లేదులే. మేం సర్దుకున్నాం."

ఎడీనా మెడ తిప్పి చూసింది. "సర్దుకోవడమంటే?"

"మాలో ఇద్దరికి డబ్బాలు అయిపోయాయి. మరి నలుగురు మింగుతుంటే ఇద్దరు నోరు చూస్తూ కూచుంటారా? అందరి మాత్రలూ ఒక్క బుట్టలో పోసేశాం. సమంగా పంచుకున్నాం. రోజు మార్చి రోజు వేసుకుంటున్నాం. ఒక్కళ్ళు కూడా నాకు తక్కువైందని అనలేదు, తెలుసా!" మలీటా మొహంలో ఎంత గర్వమంటే, ఎడీనాకి ఏడుపొచ్చింది.

"ఎంత పని చేశారే! అది అన్నం కాదు పంచుకోడానికి. రోజు విడిచి రోజు వేసుకుంటే లోపలున్నది చావదు, ఆ మందుకి అలవాటు పడిపోతుంది. తర్వాత డబ్బాలకి డబ్బాలు మింగినా పనిచెయ్యదు. ఆరుగురికీ!"

పక్కింటివాళ్ళ పొయ్యి వెలగకపోతే తన కుండలోంచి సగం తీసి పంపే ఊరు మలీటాది. అలా చెయ్యడం తప్పని పుట్టాక ఎవరూ వాళ్ళకి చెప్పలేదు. ఆమె ఎడీనా వైపు తిరిగి, "సరే సిస్టర్. అయితే ఆ ఆరుగురిలో ఎవర్ని మానెయ్యమంటావు? నువ్వే పేరు చెప్పు. వెళ్ళి చెప్తాను" అంది.

ఎడీనా చెప్పులు మళ్ళీ తొడుక్కుంది.

అప్పుడే దుమ్ము రేపుకుంటూ డాక్టరుగారి కారు వచ్చి ఆగింది. ఎక్కడో చావుకి వెళ్ళి సరాసరి వస్తున్నట్టున్నారు. నజోంబే నల్ల సూటులో చెమటలు కక్కుతున్నాడు. ఆయన భార్య గ్లాడిస్ నడుముకి ముదురు రంగు చితెంజె బట్ట చుట్టుకుని, తలకి రుమాలు కట్టుకుని ఉంది. ఆమె గేటు దగ్గరి ఊళ్ళో బడి హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ దగ్గర చదువుకోనివాళ్ళు ఆ చుట్టుపక్కల తక్కువ.

"చావు బట్టల్లోనే వచ్చాడు, మంచిదే" అంది మలీటా, వినపడేలాగే. "మా కోసం మళ్ళీ మార్చుకోనక్కర్లేదు."

గ్లాడిస్ ముసిముసిగా నవ్వి, వెంటనే నవ్వినందుకు నొచ్చుకున్నట్టు మొహం పెట్టింది. డాక్టరుగారు విననట్టే లోపలికి నడిచాడు. లారీ ఎండలో నిలబడి ఉండడం చూసి గ్లాడిస్ మాత్రం ఆగిపోయింది.

"అయ్యో, మందులు అందులోనే ఉన్నాయా? మలీటా, ఆ కందుల వర్తకుడి దగ్గర ఖాళీ గోతాలుంటాయి, నా పేరు చెప్పి తీసుకురా. తడిపి పైన పరుద్దాం" అంటూ తనే బోరింగు వైపు బయల్దేరింది. హెడ్‌మిస్ట్రెస్ అంటే అలా ఉండాలి అనుకుని ఎడీనా లోపలికి వెళ్ళింది.

లోపల బల్లకి ఒక పక్క స్టోనార్డ్, ఇంకో పక్క లారీతో పాటు వచ్చిన ఫెలిజార్దా. బొద్దుగా, నెమ్మదిగా, ఏదీ తొందరలేని మనిషి ఫెలిజార్దా. చేతిలో అట్టముక్కతో విసురుకుంటోంది. కాగితాలు ఆమె పోర్చుగీసులో రాస్తుంది, ఎడీనా ఇంగ్లీషులో రాస్తుంది. మాట్లాడుకునేది మాత్రం ఇద్దరి అమ్మమ్మలూ మాట్లాడిన లోమ్వే భాషలోనే.

నజోంబే కూర్చోకుండానే మొదలుపెట్టాడు. "మందు ఇస్తున్నందుకు సంతోషం. కానీ కాగితంలో మీరు పెట్టిన షరతు నేనొప్పుకోను. ఏటికి ఏ గట్టువాళ్ళో అడగకుండా వచ్చినవాళ్ళందరికీ ఇవ్వాలట. మా జిల్లాలో మందు తీసుకునేవాళ్ళలో ఎంతమంది అటునుంచి ఏరు దాటి వచ్చినవాళ్ళో తెలుసా మీకు? మా మందు మావాళ్ళకే చాలట్లేదు."

"ఇది మీ మందు కాదు కదా డాక్టరుగారూ" అంది ఫెలిజార్దా విసురుకుంటూనే. "నాది."

స్టోనార్డ్ కిసుక్కున నవ్వి, దగ్గుగా మార్చుకున్నాడు.

"నేను జోకులకి రాలేదు. ఆ ఒక్క వాక్యం కొట్టేయండి. మలావీ వాళ్ళకి మాత్రమే అని రాయండి. ఇప్పుడే సంతకం పెడతాను."

"డాక్టరుగారూ" అంది ఎడీనా. "ఎవరు ఎటువాళ్ళో ఎలా తేలుస్తారు? అటు యుద్ధం జరిగిన రోజుల్లో ఇటు పారిపోయి వచ్చి ఇక్కడే పెళ్ళిళ్ళు చేసుకుని మనవల్ని ఎత్తినవాళ్ళున్నారు. వాళ్ళెటు?"

"ఊరి పెద్దల్ని అడిగితే చెప్తారు."

కిటికీ అవతలనుంచి మలీటా గొంతు వినిపించింది. తడి గోతం భుజాన వేసుకుని అటు పోతూ ఆగినట్టుంది. "ఊరి పెద్దెందుకయ్యా, నేనే చెప్తా. నేను పుట్టింది అటు. మా అమ్మ నన్ను వీపున కట్టుకుని ఏరు దాటింది. ఆ రోజు ఇటువైపు గంజి పోసినవాళ్ళు మీదే ఊరని అడగలేదు. ఇప్పుడు మందు దగ్గర అడుగుతారా?"

"నీకు మీ ప్రభుత్వం ఉంది" అన్నాడు నజోంబే, కిటికీ వైపు చూడకుండా.

"ఆహా, ఉందిగా. ఈ లారీ దాందే."

ఈసారి స్టోనార్డ్ నవ్వు దాచుకోలేకపోయాడు. నజోంబే మాత్రం నవ్వలేదు. మామూలుగా ఆయన నవ్వే మనిషే. ఎడీనా ఆయన కింద ఇన్నేళ్ళు పనిచేసింది, ఇంత మొండిగా ఉండడం ఎప్పుడూ చూడలేదు. కొత్త మందు వచ్చినప్పుడు ఊరూరా తిరిగి, ఒక్కో నర్సుకీ ఓపిగ్గా నేర్పినవాడు. ప్రతి డిసెంబరులోనూ ఎర్ర రిబ్బను పెట్టుకుని వేదికెక్కి, దాచుకోకండి, పరీక్ష చేయించుకోండి అని గొంతు బొంగురుపోయేదాకా చెప్పేవాడు. అలాంటి మనిషి ఇవాళ ఏటి గట్టు పట్టుకుని వేలాడుతున్నాడేమిటో ఆమెకి అంతుపట్టలేదు.

ఫెలిజార్దా అట్టముక్క బల్లమీద పెట్టింది.

"ఒక మాట చెప్తాను డాక్టరుగారూ. మా ఆస్పత్రికి వెనకాల ఒక వరండా ఉంది. మీ వైపు నుంచి అక్కడికి చాలామంది వస్తారు. పేదవాళ్ళు కాదు. వాళ్ళు మీ ఆస్పత్రికే వస్తారు, వరసలో నిలబడతారు. మా వరండాకి వచ్చేవాళ్ళు కారు దూరంగా ఆపుకుని, టోపీ కిందికి లాక్కుని వస్తారు. పాస్టర్లున్నారు, పోలీసులున్నారు, పెద్ద ఉద్యోగాలవాళ్ళున్నారు. సొంతూళ్ళో వరసలో నిలబడితే నలుగురూ చూస్తారని భయం. నేను ఇన్నేళ్ళలో ఒక్కళ్ళని కూడా నీ దేశమేదని అడగలేదు. మీరు మీ జాబితాలోంచి మావాళ్ళని కొట్టేస్తే, మావాళ్ళు మీవాళ్ళని కొట్టేయమంటారు. అప్పుడు వాళ్ళంతా మీ ఆస్పత్రి వరసలోకే రావాలి."

ఆమె అదంతా టేబుల్‌తో చెబుతున్నట్టు తలొంచుకుని చెప్పింది. గుమ్మంలో గ్లాడిస్ ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంది. అందరికీ టీ తెచ్చినట్టుంది.

"ఇంకోటి కూడా ఇప్పుడే చెప్పెయ్యాలి" అని ఫెలిజార్దా అందుకుంది. "మీవాళ్ళకే అయితే ఇది మామూలు అప్పు, ఇచ్చామా పుచ్చుకున్నామా, అంతే. కానీ రెండు గట్లవాళ్ళకీ అంటే, రెండు ప్రభుత్వాలూ, మాకు మందిచ్చే విదేశాలవాళ్ళూ కలిసి ఒక తనిఖీ జట్టుని పంపుతారు. రెండువైపులా ఎవరెవరు మందు తీసుకుంటున్నారో మనిషి మనిషినీ చూసి సరిపోల్చుకుంటారు. ఒకరే రెండుచోట్లా తీసుకోకూడదని."

"ఆ వెనక వరండాకి కూడానా?" అన్నాడు నజోంబే.

"అన్నిటికీ."

గ్లాడిస్ గబగబా కప్పుల్లో టీ పోసింది. ఒక కప్పు పొంగిపోయి కాగితాల వైపు పారితే, స్టోనార్డ్ కంగారుగా వాటిని ఎత్తి పట్టుకున్నాడు. ఆమె తన బట్ట కొసతోనే బల్ల తుడిచి, గోతాలు ఆరిపోతున్నాయంటూ బయటికి వెళ్ళిపోయింది.

నజోంబే టీ ముట్టుకోలేదు. "ఎడీనా, ఒకసారి బయటికి రా" అన్నాడు.

ఆఫీసు వెనక కందుల బస్తాలు గోడ ఎత్తున పేర్చి ఉన్నాయి. వాటి నీడలో నిలబడి ఆయన కోటు విప్పి చేతిమీద వేసుకున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. మాట కోసం వెతుక్కుంటున్నాడు. ఎడీనా ఎదురుచూడలేదు, బస్తాకి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"ఆ వరండాలో నేనూ ఉన్నాను ఎడీనా."

ఆమె కళ్ళు తెరిచింది.

"పేరు మార్చి రాయించుకున్నాను. మొహం ఎలా మార్చుకుంటాను? ఆ జట్టు వస్తే నేను దొరికిపోతాను. అందుకే ఆ వాక్యం కొట్టేయమంటున్నాను. మామూలు అప్పయితే ఎవరూ రారు, ఎవరూ చూడరు."

ఎడీనాకి ఆశ్చర్యం కలగాలి. కలగలేదు. ఆశ్చర్యపడడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి కదా. ముందు కోపం వచ్చింది, అదీ ఎంతోసేపు నిలవలేదు.

ఆమె భర్త ఈ జబ్బుతోనే పోయాడు. మందు ఇంకా ఈ జిల్లాకి చేరని రోజులవి. అప్పుడు జనం దాచుకునేవాళ్ళంటే అర్థముంది, చెప్పినా చావే, చెప్పకపోయినా చావే. ఇప్పుడు రోజుకో మాత్రతో మనిషి ముసలివాడయ్యేదాకా బతుకుతున్నాడు. అయినా అదే దాపరికం, అదే తలుపు చాటు. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో కలిసి మందు కనిపెట్టారు, తెచ్చారు, పంచారు. ఈ సిగ్గుకి మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. చివరికి జనానికి సిగ్గుపడొద్దని చెప్పే మనిషే సిగ్గుతో చస్తున్నాడు.

"గ్లాడిస్ టీచర్‌కి?"

"తెలీదు."

"ఆమె పరీక్ష చేయించుకుందా?"

"ఎలా అడగను? అడిగితే ఎందుకని అడుగుతుంది. నేను మందు ఒక్కరోజు కూడా మానలేదు. సరిగ్గా వేసుకునేవాడి నుంచి అంటుకోదు. ఆ సంగతి నీకు నేర్పిందే నేను."

"వేసుకోవడం మొదలుపెట్టకముందో?"

ఆయన చేతిమీది కోటుని ఒకసారి దులిపాడు, మళ్ళీ దులిపాడు.

"డాక్టరుగారూ" అంది ఎడీనా. గొంతులో కోపం కూడా లేదు, అలసట తప్ప. "మీరు చెప్పింది నేనెవరికీ చెప్పను. మీరు సంతకం పెట్టినా చెప్పను, పెట్టకపోయినా చెప్పను. దాన్ని పట్టుకుని మిమ్మల్ని బెదిరిస్తానని మాత్రం అనుకోకండి. కానీ ఆ మలీటాని చూశారుగా. వాళ్ళ జట్టులో ఆరుగురూ మాత్రలు ఒక్క బుట్టలో పోసుకుని పంచుకుంటున్నారట. ఎవర్ని మానెయ్యమంటావని నన్నడిగింది. నాకు నోరు రాలేదు. మీరు వెళ్ళి చెప్పండి. మలీటా అటు పుట్టింది కాబట్టి మలీటాని మానెయ్యమనండి. ఆ మాట మీరు నోరు విడిచి అనగలిగితే, నేనే ఆ లారీని వెనక్కి తోలిస్తాను."

నజోంబే బస్తాల సందులోంచి లారీ వైపు చూశాడు. తడి గోతాల కింద లారీ పాత గుడిసెలాగా ఉంది. గ్లాడిస్ బకెట్టు అందిస్తుంటే మలీటా టైరు మీదెక్కి నీళ్ళు చల్లుతోంది. ఇద్దరూ ఏదో అనుకుని నవ్వుకుంటున్నారు.

"ఇన్నేళ్ళూ అవతలివాళ్ళ మందు మింగి బతికాను" అన్నాడాయన మెల్లగా. "ఇవాళ అవతలివాళ్ళకి ఇవ్వనని కొట్లాడుతున్నాను."

ఎడీనా కూడా అటే చూసింది.

"గ్లాడిస్‌కి నేనే చెప్పుకుంటాను. ఆ జట్టు వచ్చేలోపు చెప్పాలి. ఎలా చెప్తానో నాకు తెలీదు. నన్ను వదిలేసి పోతుందేమో." ఆయన ఆఫీసు వైపు తిరిగాడు. "సరే. పద, పెట్టేస్తాను. ఇంకాసేపు ఇక్కడ నిలబడితే మళ్ళీ మనసు మారిపోతుంది."

కోటు తొడుక్కోకుండానే లోపలికి వెళ్ళిపోయాడు. స్టోనార్డ్ కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. పెన్ను కోసం జేబులు తడుముకోవడం, సంతకం ఎక్కడెక్కడ పెట్టాలో స్టోనార్డ్ చూపించడం, అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. ఎడీనా బస్తామీద కూలబడింది. అంత ఒళ్ళునొప్పుల్లోనూ నవ్వొచ్చింది. సోమవారానికల్లా డబ్బాలు అరల్లోకి ఎక్కుతాయి. మలీటా ఇవాళే ఆరుగురివీ పట్టుకుపోతుంది. ఆ బుట్ట బోర్లించి దాచేయమని చెప్పాలి.

ఎవరో ఆమె చెయ్యి పట్టుకుని లేపారు. గ్లాడిస్. మోచేతుల దాకా తడి.

"సిస్టర్, ఇటు రండి" అంటూ లారీ అవతలి పక్కకి, ఆఫీసు కిటికీలోంచి కనబడని చోటుకి లాక్కుపోయింది. ఇంతసేపూ నవ్వుతూ నీళ్ళు మోసిన మనిషి మొహం పాలిపోయి ఉంది.

"ఆయన సంతకం పెట్టేస్తున్నారా?"

"పెట్టేస్తున్నారు టీచర్. దేవుడి దయ, ఒప్పుకున్నారు."

"ఆపండి."

ఎడీనాకి తను సరిగ్గా విన్నానా అనిపించింది. "ఏంటి టీచర్? ఇందాకటి నుంచి ఈ మందు కోసం నీళ్ళు మోస్తున్నది మీరే కదా."

"మందు రావాలి. ఎందుకు రాకూడదు? ఆ తనిఖీ రాకూడదు. ఇంకో దారి చూడండి. ఆ వాక్యం కొట్టేయించండి, సిస్టర్, మీరు చెప్తే ఫెలిజార్దా వింటుంది." ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నేను ఆ వరండాకి వెళ్తాను. సోమవారాలు, బడి వదిలాక. అటు సంతలో బట్టలు కొనుక్కొస్తానని చెప్పి వెళ్తాను. ఇన్నేళ్ళయినా ఆయన ఒక్కసారి కూడా అనుమానపడలేదు. అంత మంచి మనిషి."

ఎడీనా లారీకి ఆనుకుంది.

"ఆయన ఈ జిల్లాకంతా పెద్ద. వేదికెక్కి అంతమందికి చెప్తారు. అలాంటి ఆయన ఇంట్లోనే ఉందని తెలిస్తే తలెత్తుకుని తిరగగలరా? నాకెక్కడినుంచి వచ్చిందని అడిగితే నేనేం చెప్పను? నాకే తెలీదు సిస్టర్. ఒట్టు. నాకే తెలీదు!" కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడంలేదు. "నన్ను వదిలేసి పోతారాయన. మీరు మాత్రం ఆయనకి చెప్పకండి. మీరు నర్సు, మీరు చెప్పకూడదు."

లారీ ముందు భాగం దగ్గర ఫెలిజార్దా, ఎప్పుడు బయటికి వచ్చిందో, తాడు బిగిస్తూ నిలబడి ఉంది. గ్లాడిస్ ఏడుపు వినపడనంత దూరమేం కాదు. అయినా ఆవిడ ఇటు తిరగలేదు, కట్టిన ముడినే మళ్ళీ విప్పి కడుతోంది. ఎడీనాకి అప్పుడర్థమైంది. ఒకే ఇంటినుంచి ఇద్దరు, వేరువేరు రోజుల్లో, ఒకరికి తెలియకుండా ఒకరు ఆ ఏరు దాటుతున్నారు. ఎదురెదురు పడకుండా వాళ్ళకి రోజులు వేసి ఇచ్చింది ఈ ఫెలిజార్దాయే. ఇన్నేళ్ళూ ఇద్దరికీ మందు ఇస్తూ, ఇద్దరి గుట్టూ కడుపులో పెట్టుకుని కూచుంది. ఇందాక లోపల తలెత్తి ఎవరివైపూ చూడకుండా మాట్లాడింది అందుకే.

ఇప్పుడు అది ఎడీనా కడుపులోకి కూడా వచ్చి పడింది. ఒక్క మాట చెబితే ఇద్దరి భయమూ తీరిపోతుంది. ఆ ఒక్క మాటే ఆమె చెప్పకూడదు. ఆయనకి మాటిచ్చింది. ఈమె ఇప్పుడు అడుగుతోంది.

"సిస్టర్!" ఆఫీసులోంచి స్టోనార్డ్ కేకేశాడు. "డాక్టరుగారు పెట్టేశారు. సరుకు తీసుకున్నట్టు మీ సంతకం కూడా పడితే గేటు ఎత్తేస్తా. తొందరగా రండి, తాళం వేసే వేళయింది."

మలీటా అప్పుడే సైకిలుకి బుట్ట కట్టుకుని గేటు దగ్గరికి తోసుకుపోతోంది.

"వెళ్ళకండి" అంది గ్లాడిస్. ఎడీనా కుడిచెయ్యి ఆమె రెండు చేతుల్లోనూ ఉంది.

ఆఫీసు గుమ్మంలోకి నజోంబే వచ్చాడు. ఏదో బరువు దించుకున్న మనిషిలా ఉన్నాడు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ చూసి, "గ్లాడిస్, ఎక్కడున్నావు?" అని పిలిచాడు. "ఒకసారి ఇలా రా. నీతో మాట్లాడాలి."